ఎలుకల సినిమా లేని పెళ్లి

బర్మాలోని పజుండౌంగ్ పేటలో ఏ తెలుగువాళ్ల ఇంట శుభకార్యం జరిగినా కన్నారావు ఎలుకల సినిమా వేస్తాడు. పెళ్లైనా, బారసాలైనా, గృహప్రవేశమైనా అదే సినిమా. పేరు ‘ఎలుకల నిర్మూలన’. నిడివి పదకొండు నిమిషాలు. అతని దగ్గరున్నది ఆ ఒక్క రీలే.

అరవై ఏళ్ల కిందట అహ్లోన్‌లోని ఒక బియ్యం మిల్లు కంపెనీ తన కూలీలకు బుద్ధి చెప్పడానికి తీయించిందది. మొదట టోపీ పెట్టుకున్న బొమ్మ ఎలుక ఒకటి వచ్చి బస్తా మీద దర్జాగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటుంది. తరవాత అసలు ఎలుకలు, అసలు కూలీలు, వెనకనుంచి బర్మా భాషలో గంభీరమైన ఉపన్యాసం. మిల్లు మూతపడినప్పుడు రీలునీ ప్రొజెక్టరునీ చెత్తలో పారేస్తుంటే, సినిమా హాల్లో ఆపరేటరుగా ఉన్న కన్నారావు ఇంటికి మోసుకొచ్చాడు. ఏటా దీపావళికి తనకి కొత్త లుంగీ కొన్నా కొనకపోయినా ప్రొజెక్టరుకి మాత్రం కొత్త గుడ్డ కప్పుతాడు.

వేసి ఊరుకుంటే ఎవరూ ఏమీ అనరు. నాలుగో నిమిషంలో ఒక కుర్ర కూలీ దోసిట్లోంచి బియ్యం చల్లుతాడు. అది ఎలుకల మందు కలిపిన బియ్యం. అక్కడికి రాగానే కన్నారావు మిషను ఆపి, రీలు వెనక్కి తిప్పి, మళ్లీ చూపిస్తాడు.

“ఎనకోళ్లకి అర్థం కానట్టుంది,” అంటాడు.

“అర్థమైపోనాది తాతా, ఎలకలు కూడా నేర్సేసుకున్నాయి,” అంటారు పిల్లలు. అతను వినిపించుకోడు. సత్తిబాబు కూతురి బారసాలలో నాలుగోసారి తిప్పేసరికి ఉయ్యాల్లో పసిపిల్ల కూడా విసుక్కుందని పేట దాటి తన్లిన్ ఊరి దాకా ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇలాంటి పేటలో మల్లికకు పెళ్లి కుదిరింది. వరుడు బాబ్జీ, ఆ తన్లిన్ ఊరి అబ్బాయే. అతని తల్లి రాజ్యం విస్తట్లో వెంట్రుక కనిపిస్తే పంక్తి మొత్తాన్నీ లేపేసే మనిషి. ఆవిడ కళ్ల ముందు తెరనిండా ఎలుకలు పరిగెడితే ఇంకేమైనా ఉందా? మల్లిక నేరుగా కన్నారావు ఇంటికి వెళ్లింది.

“తాతా, నా పెళ్లికి బొమ్మొద్దు.”

“ఎలకల్లేకుండా పెళ్లేటే?”

“బాజాలున్నాయి, బోజనాలున్నాయి, పెళ్లికొడుకున్నాడు. సాలదా?”

కన్నారావు బేరానికి దిగాడు. టోపీ ఎలుకను తీసేస్తానన్నాడు. చివర్లో వచ్చే ఎలుకల బోను కూడా తీసేస్తానన్నాడు. “పోనీ, బియ్యం సల్లే ముక్కొకటీ ఏస్తాను. అర నిమిషం.”

“అదే వొద్దు. అందరూ నవ్వీది దానికే గదా.”

“నవ్వనీ. నవ్వితే నాకేటి పోయింది?” అని కాసేపు ప్రొజెక్టరు తుడిచాడు. “సరేలే. నీ పెళ్లి, నీ ఇష్టం.”

గెలిచిన ఉత్సాహంతో మల్లిక అటునుంచి అటే సింహాచలమ్మను పిలవడానికి వెళ్లింది. ఎనభై దాటిన ఆ ముసలమ్మ ఏ పెళ్లికొచ్చినా వెనక వరసలో గోడవారగా కూర్చుంటుంది.

“కన్నారావు బొమ్మేస్తాడా?” అని ముందుగా అడిగిందావిడ.

“లేదు మామ్మా. మానిపించేసాను.”

“ఓలమ్మ. అలగైతే రాలేన్లే. మోకాళ్ల నొప్పులు.”

“ఇన్నాళ్లూ ఎలకల కోసం వొచ్చీదానివేటి మామ్మా?”

ముసలమ్మ సిగ్గుపడింది. “బియ్యం సల్తాడు సూడు, ఆడు మా పోలయ్య. ఆ బొమ్మ తీసిన ఏడే జొరమొచ్చి ఎలిపోనాడు. ఇంకో ఫొటో నేదు. కన్నారావు ఫోన్లో ఎక్కించి ఇచ్చాడు గానీ అందులో బొటనేలంతే ఉన్నాడమ్మా. తెరమీదైతే నిలువెత్తున వొస్తాడు. పెళ్లికి ఇద్దరం ఎల్లినట్టుంటాది.”

“మరెవరికీ సెప్పలేదేటి?”

“కన్నారావే వొద్దన్నాడు. తెలిస్తే అందరూ తెర మానేసి నిన్నే జాలిగా సూస్తారు, నన్ను సూసి నవ్వుకోనీ, నువ్వు నీ మొగుణ్ణి సూసుకో అన్నాడు.”

మల్లికకు తన మీద తనకే సిగ్గేసింది. ఇన్నేళ్లుగా కన్నారావుని చూసి నవ్వినవాళ్లలో తనే ముందుండేది. వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తింది.

“బొమ్మెయ్యాలి తాతా. మొత్తం. టోపీ ఎలకతో సహా.”

“మీ అత్తో?”

“ఆవిణ్ణి ముందు వరసలో కూకోబెడతాను.”

పెళ్లినాడు తాళికట్టడం అయ్యాక పట్టపగలే హాలు తలుపులు మూశారు. జనరేటరు రొదపెట్టింది. టోపీ ఎలుకను చూడగానే రాజ్యం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుగో నిమిషం వస్తుండగా మల్లిక బాబ్జీని లాక్కుని వెనక్కి వెళ్లి, సింహాచలమ్మను చెయ్యిపట్టి తెర పక్కకి తీసుకొచ్చింది.

“అచ్చింతలెయ్యి మామ్మా.”

“ఒంటి మడిసిని, నానెందుకే?”

“ఒంటిదానివేటి? పోలయ్య తాత నీ పక్కనే ఉన్నాడు,” అంది మల్లిక తెరమీది కుర్ర కూలీని చూపిస్తూ, హాలంతా వినేలా.

కొత్త దంపతులు వంగారు. ముసలమ్మ గుప్పిట్లోంచి పసుపు బియ్యమూ, తెరమీద పోలయ్య దోసిట్లోంచి తెల్ల బియ్యమూ ఒకేసారి రాలాయి.

“మల్లీ, అది మందు బియ్యం,” అని గొణిగాడు బాబ్జీ.

“మాటాడకుండా వొంగు,” అంది మల్లిక.

హాల్లో ఎవరూ నవ్వలేదు. కన్నారావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మిషను సంగతే మరిచిపోయాడు. పోలయ్య వెళ్లిపోయి, తెరమీదికి బోను వచ్చేసింది. రాజ్యం ముక్కుమీద కొంగు తీసి వెనక్కి తిరిగింది.

“అలగొదిలేసావేటి కన్నారావూ?” అంది. “ఎనకోళ్లకి అర్థం కానట్టుంది. మళ్లీ తిప్పు.”