శెట్టిగారి పదకొండు దినాల ఫోను బేరం

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే బదరీనారాయణ శెట్టి నోట ఒక గుణం వచ్చిందంటే, దాని వెనకే ఒక దోషం కూడా రావలసిందే. పెళ్లి భోజనానికి పిలిస్తే "పప్పు బాగుండాది, ఆకు చిన్నది" అంటాడు. ఆరు నెలలుగా చినుకు చూడని ఊళ్లో ఒకసారి కుండపోతగా వాన పడితే, "వాన మంచిదే కానీ, గాలి లేస్తాండాది" అన్నాడు. జనం కొట్టబోయారు. భార్య శాంతమ్మ గురించి అడిగితే మాత్రం గుణాల దగ్గరే ఆగిపోతాడు. ఆమె లోపల్నుంచి వింటూ ఉంటుంది మరి.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున స్టేషన్ రోడ్డులో కల్పన నడిపే సెల్‌ఫోన్ల కొట్టు మెట్లెక్కి, "ఉండేవాటిల్లో అన్నిటికన్నా పెద్ద ఆండ్రాయిడ్ ఫోను చూపిచ్చు పాపా" అన్నాడు.

కల్పనకు ప్రాణం లేచొచ్చింది. కొట్టు పెట్టి రెండేళ్లు కాలేదు. ఆ ఖరీదైన రకంలో చూపడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి తెప్పించుకుంది. వచ్చే వారం గురువారంలోగా అమ్ముడుపోకపోతే ఇకమీదట పెద్ద ఫోన్లు ఇచ్చేది లేదని డీలరు తేల్చి చెప్పాడు. ఎలాగైనా శెట్టికే అంటగట్టాలని ఆమె పట్టు. అన్నీ చూడనిదే కొనకూడదని ఆయన పట్టు.

మొదటిరోజే శెట్టి వంకాయరంగు చీర తెచ్చి బల్ల మీద పరిచి ఫోటో తీయించాడు.

"జరీ పోగు పోగూ కనిపిస్తాండాది. ఇది గుణం."

"అయితే ప్యాక్ చేసేదా?"

"ఉండు పాపా. నా చీర వంకాయ. దీంట్లో నేరేడుపండు అయి కూర్చున్నాది."

కల్పన అరగంట కూర్చుని ఫోను రంగులకు పూసే సోకులన్నీ ఆపేసి మళ్లీ తీసింది. వంకాయ వంకాయగానే వచ్చింది.

"ఇప్పుడు దారికొచ్చినాది. కానీ గద్దిస్తేనే నిజం చెప్తాండాది. అది దోషం" అని శెట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

మూడోరోజు మిట్టమధ్యాహ్నం ఫోనుతో నడిరోడ్డులో నిలబడ్డాడు. అంత ఎండలోనూ తెర మీద అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. పది నిమిషాలకు ఫోను వేడెక్కి కెమెరా తనంతట తానే ఆగిపోయింది. గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డ కల్పనతో, "మన ఊళ్లో పుట్టింటే ఇట్ల నీలగదు" అన్నాడు శెట్టి.

అయిదోరోజు ఎడమచేత్తో ఫోను ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో మగ్గం మీద పోగు దూర్చే నాడె విసిరినట్టు గాలిలో ఆడించసాగాడు. కొట్టుకి వచ్చినవాళ్లు ఇదేదో కొత్తరకం వ్యాయామం అనుకున్నారు.

"ఫోను పట్టుకోని మగ్గమెవరు నేస్తారు శెట్టిగారూ?"

"నేసేవాళ్లు నేస్తారు. తెర పెద్దది, గుణం. బరువుండాది, దోషం."

ఎనిమిదోరోజు రామాంజినమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్లుగా నేసిన ప్రతి చీరా శెట్టికే ఇస్తున్న మనిషి ఆమె. ఆమె వేలితో ఫోను తెరవమన్నాడు. కల్పన ఎనిమిదిసార్లు ప్రయత్నించింది. ఫోను ఆ వేలిని వేలుగానే ఒప్పుకోలేదు.

"చిన్నప్పట్నుంచి పోగులు పట్టిన వేలమ్మా. గీతలు యాడుంటాయి దాంట్లో?" అంది రామాంజినమ్మ నవ్వుతూ.

కల్పన ముఖంతో తెరిచే ఏర్పాటు చేసింది. ఇట్టే తెరుచుకుంది. తర్వాత తన ఫోను నుంచి "చీర బాగుంది" అని పంపితే, ఈ ఫోను దాన్ని వార్తలు చదివినట్టు పైకి చదివింది. రామాంజినమ్మ ఉలిక్కిపడి దానికి నమస్కారం పెట్టింది.

"చదువురానోళ్లకు కూడా చదివి చెప్తాండాది, గుణం. మన మాట రాదు, దోషం" అన్నాడు శెట్టి.

పదోరోజు కల్పన ఓపిక నశించింది. "దీంట్లో ఇంకా ఏమన్నా దోషాలు మిగిలినాయా శెట్టిగారూ?"

"ఒకటుండాది."

"ఏంది?"

"రేపు చెప్తా."

గురువారం శెట్టి మళ్లీ రామాంజినమ్మతోనే వచ్చాడు. అడిగిన ధర అణా తగ్గించమనకుండా ఇచ్చి, "బిల్లు ఈయమ్మ పేరుతో రాయి" అన్నాడు. జేబులోంచి ఓ చిన్న పుస్తకం తీసి, "దీంట్లో ఉండే నంబర్లన్నీ ఫోనులోకి ఎక్కించు" అన్నాడు.

కల్పన పేజీలు తిప్పి చూసింది. బెంగళూరు, హిందూపురం, బళ్లారి. "ఇవి మీ కొట్టు గిరాకీలవి కదా!"

"కొట్టు మూసేస్తాండా పాపా. చూపు తగ్గుతాండాదని డాక్టరు చెప్పినాడు. నేను మూసినంక ఈయమ్మ చీరలు ఎత్తుకోని అంగడంగడికీ తిరగల్లనా? ఈడ కూర్చోనే ఫోటో తీసి పంపితే, కొనేవాళ్లే ఫోను చేస్తారు."

రామాంజినమ్మకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. "నేనేమన్నా అడిగినానా శెట్టన్నా?" అంది.

"అడగవు. అదే నీ దోషం."

కల్పనకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. "ఈ ముక్క మొదటి దినమే చెప్పింటే, పది నిమిషాల్లో అన్నీ చూపించి, రేటు కూడా తగ్గించేదాన్ని కదా!"

"అందుకే చెప్పలేదు. కొత్త అంగడి నీది. జాలిపడి తగ్గిస్తే నీకేం మిగల్తాది?"

"సరే. ఆ మిగిలిన దోషమేందో చెప్పండి."

"ఇంకా నా చేతిలోనే ఉండాది కదా, అదీ దోషం" అని శెట్టి ఫోను తీసి రామాంజినమ్మ చేతిలో పెట్టాడు. పెట్టీపెట్టగానే, "జాగ్రత్త, చేతిలోంచి జారే రకం, ఎండలో పెట్టద్దు, రంగులేమో..." అంటూ మొదలుపెట్టాడు.

రామాంజినమ్మ రెండు చేతులా ఫోను ఎత్తి ఆయన మీదికి గురిపెట్టింది. "కదలాకు శెట్టన్నా!" కల్పన చూపించిన చోట నొక్కింది.

"ఎట్ల పడినా?" అన్నాడు శెట్టి, మెడ చాచి.

"శానా బాగా పడినావు," అంది రామాంజినమ్మ తెర వంక చూస్తూ. "ఈ ఫోను నిన్ను ఇంతసేపు చూసినా ఒక్క వంకా పెట్టలేదు."