సూరత్ ఎండల్లో మంచు రిహార్సల్

ప్రాణం తీసేంతది కాదు గానీ, పరువు మాత్రం నిలువునా తీసిన నా ఘనకార్యం ఒకటి చెబుతాను. సూరత్‌లో, నడి ఎండాకాలంలో, మేం ముగ్గురం మంకీ టోపీలు పెట్టుకుని పళ్ళు టకటకలాడిస్తూ కూర్చోవడం, మమ్మల్ని పట్టుకుపోవడానికా అన్నట్టు తెల్ల సూట్లవాళ్ళు రావడం, మా అపార్ట్‌మెంట్ సొసైటీ మొత్తం బాల్కనీల్లోకి వచ్చి మా కోసం దేవుణ్ణి తలుచుకోవడం, ఇవన్నీ ఒకే ఒక్క మనిషి తెలివి వల్ల జరిగాయి. ఆ మనిషి పేరు రాజేశం. అంటే నేనే. నవ్వేవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

అవి కరోనా రెండో వేవ్ తగ్గీ తగ్గని రోజులు. నేను మిల్లులో మెషీన్లు చూసుకునే ఇంజనీరుని. కెనడాలో వినిపెగ్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీవాళ్ళు వీడియోలో నాలుగు ప్రశ్నలడిగి, విమానాలు మొదలయ్యాక పెళ్ళాం పిల్లలతో వచ్చెయ్యమన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. మా ఇంట్లో ఇంకాస్త ముదిరింది. వీసా లేదు, టికెట్టు లేదు, అక్కడ ఏ ఇంట్లో దిగాలని అప్పుడే తగువు.

ఆ ఊళ్ళో నా పాత దోస్తు శ్రీనివాస్ ఉన్నాడు. వాడు మా కోసం రెండు ఇళ్ళు చూసి పెట్టాడు. ఒకటి ఊరి చివర విడి ఇల్లు. చుట్టూ ఖాళీ జాగా, కేకేసినా పక్కింటికి వినపడనంత దూరం. రెండోది ఊరి మధ్యలో అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు. గోడకి గోడ ఆనుకుని బోలెడు కాపురాలు. ఆదివారం సాయంత్రంలోగా ఏ ఇల్లో తేల్చి చెప్పమన్నాడు.

నేను మొదటిదానికే మనసిచ్చేశాను. ఎందుకంటే నేను పుట్టి పెరిగింది ఇక్కడే, సూరత్‌లో మన నేతగాళ్ళుండే లింబాయత్ గల్లీలో. కింద మగ్గాలు, పైన మేము. ఆ చప్పుట్లోనే తిన్నాం, చదివాం, నిద్రపోయాం. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. పక్కింట్లో పోపు పెడితే మా కళ్ళమ్మట నీళ్ళు కారేవి. అలాంటివాడికి నిశ్శబ్దం అద్దెకి దొరుకుతుందంటే వదులుకుంటాడా?

మా ఆవిడ స్వరూప రైల్వే క్వార్టర్స్ పిల్ల. వాళ్ళ నాన్న బెజవాడ నుంచి బదిలీ మీద ఇక్కడికొచ్చి ఇక్కడివాడే అయిపోయాడు. ఆ విడి ఇంటి ఫోటోలు ఫోన్‌లో చాలాసేపు చూసి, ఆమె అన్నది ఒకే ఒక్క మాట.

"ఏవండీ, అంత చలిలో, ఆ ఊరి చివర ఇంట్లో, మీరు డ్యూటీకి పోతే నేనూ పిల్లా ఒక్కళ్ళమే ఎలా ఉంటామండీ?"

అయ్యలారా, అమ్మలారా, ఆ మాటని మీరు మొత్తం విన్నారు. నేను వినలేదు. నాకు వినిపించింది "అంత చలిలో" వరకే. మిగతాది సీలింగ్ ఫ్యాన్ గాలికి కొట్టుకుపోయింది. నేను మెషీన్ల మనిషిని. ఎవరైనా కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టగానే, అది పూర్తికాకముందే పానా తీసుకుని బయల్దేరే రకం.

"చలిదేముంది స్వరూపా! అలవాటు చేస్కుంటే ఐపోతది. జర ప్రాక్టీస్ చేద్దాం."

"చలిని ప్రాక్టీస్ చేస్తారా ఎవరైనా?"

"ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు. మనం ఇంట వణికి రచ్చ వణుకుదాం."

పాలల్లో నీళ్ళు ఎక్కువైన రోజున పాలవాణ్ణి చూసినట్టు చూసింది నన్ను. నేను దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం రిహార్సల్ పెట్టాను. దానికి స్వెటర్లు కావాలి. సూరత్‌లో దేశానికంతటికీ చాలినన్ని చీరలు దొరుకుతాయి గానీ, మే నెలలో ఒక్క స్వెటర్ పుట్టదు. ఊరి అంచున కామ్‌రేజ్ వైపు కొత్తగా లేచిన మా సొసైటీలో, మా కింది ఫ్లాటులో హంసాబెన్ ఉండేది. అరవై దాటిన గుజరాతీ ఆవిడ, మా అయిదేళ్ళ మిట్టుకి సొంత నానమ్మతో సమానం. ఒకప్పుడు ఇంటిల్లిపాదితో చార్‌ధామ్ యాత్రకి వెళ్ళొచ్చింది కాబట్టి ఆవిడ దగ్గర ఉన్ని సరుకు ఉంటుందని నాకు తెలుసు. వెళ్ళి అడిగాను.

"స్వెటర్? ఇస్ గర్మీ మే?" అంది. మాస్కు వెనకాల ఆవిడ నోరు తెరుచుకోవడం బట్ట మీద కనిపించింది.

అక్కడ నిజం చెప్పేస్తే ఈ కథే లేదు. కానీ మనవాళ్ళ పద్ధతి మీకు తెలుసుగా! కడుపుతో ఉన్న సంగతైనా మూడో నెలలో చెబుతాం గానీ, ఫారిన్ సంగతి విమానం గాల్లోకి లేచేదాకా చెప్పం. చెబితే దిష్టి. దిష్టి తగిలితే వీసా ఆగిపోతుంది. అందుకని అప్పటికి నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"ఏం లేదు బెన్, మాకు ముగ్గురికీ ఒంట్లో బాగోలేదు. ఒకటే చలి." హిందీలోనే చెప్పాను, గొంతు కూడా కాస్త వణికించి చెప్పాను. చేసే పని శ్రద్ధగా చేయడం నాకు అలవాటు.

కరోనా రోజుల్లో, ముగ్గురికీ చలి! ఆవిడ స్వెటర్ల మూట తెచ్చి మెట్ల మీద పెట్టి, చప్పున వెనక్కి జరిగి, "చింతా మత్ కరో, రాజేశ్‌భాయ్. మై హూఁ నా" అని ధైర్యం చెప్పింది. కళ్ళల్లో నీళ్ళు. పాపం, చార్‌ధామ్ యాత్ర గుర్తొచ్చిందేమో అనుకున్నాను. చూశారా నా తెలివి!

ఇక మా బెడ్‌రూమ్‌ని వినిపెగ్ చేశాను. ఏసీ పదహారులో పెట్టాను, ఫ్యాన్ ఆఖరి నంబరు మీద తిప్పాను. కొత్త ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్‌ని చేత్తో నలిపి మంచు కురిపించాను. ఫ్యాన్ గాలికి అది గదంతా లేచి, తలల్లో, ముక్కుల్లో, నా మీసాల్లో ఇరుక్కుంది. మిట్టుకి మాత్రం పండగే పండగ. ఆ పిల్లకి తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిసి ఒకటే భాష.

"పప్పా, బహు ఠండీ లాగే ఛే!" అని మంచం మీద గెంతింది.

"తెలుగులో చెప్పవే," అంది స్వరూప.

"బహు చలీ లాగే ఛే!"

"చూశినవా, పిల్ల ఎట్ల ఖుష్ ఉన్నదో!" అన్నాను నేను. "నీకే ఉట్టిగ భయం."

"నా భయం చలికి కాదండీ. అక్కడ..."

"ఆగాగు. ఇప్పుడు అసలైన టెస్టు. గ్లవ్స్ లేకుండ మంచు పట్టుకునుడు!"

ఫ్రీజర్‌లో గీకిన మంచునంతా గిన్నెతో తెచ్చి ఆమె ముందు పెట్టాను. చెప్పబోయిన మాట మింగేసి, స్వరూప ఆ మంచుతో మిట్టుకి బొమ్మ చేయడం మొదలుపెట్టింది. బొమ్మకి తలకాయ నిలిచేసరికి ఆమె వేళ్ళు కందిపోయాయి. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

తలుపు తీశాను. ఎదురుగా నిలువెల్లా తెల్ల సూట్లలో ఇద్దరు, కార్పొరేషన్ కరోనా టీమువాళ్ళు. ముందు నిలబడ్డది ఒక మేడం. ఆ ప్లాస్టిక్ సూట్లలో ఉడికిపోతున్నారేమో, మా ఇంట్లోంచి చల్లగాలి తగలగానే ఇద్దరూ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. వాళ్ళ వెనక మెట్ల మలుపులో, వాళ్ళకి ఫోన్ చేసి పిలిపించిన హంసాబెన్, చేతిలో జపమాల.

"జ్వరం ఎప్పటినుంచి?" అంది మేడం హిందీలో.

"జ్వరమా? జ్వరమేం లేదు మేడం!"

ఆమె నా మంకీ టోపీని చూసింది. స్వెటర్ మీద స్వెటర్ చూసింది. మీసంలో థర్మాకోల్ చూసింది. నా నుదుటికి థర్మామీటర్ గన్ను గురిపెట్టింది. దాని మీద అంకె రాలేదు, 'లో' అని వచ్చింది. గన్ను విదిలించి మళ్ళీ పెట్టింది. మళ్ళీ 'లో'.

"భాయ్, ఇది బతికున్నవాళ్ళకి రాదు," అంది వెనకున్నాయన.

నేనింకా ఇకిలిస్తూనే ఉన్నాను. మేడం స్వరూప వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. అంకె వచ్చింది. ఎనభై ఆరు.

నా నవ్వు ఆగిపోయింది. ఆ వేసవిలో ఆ చిన్న డబ్బా మీది అంకెలు ఎన్ని కాపురాల్ని కూల్చాయో మీకు చెప్పక్కర్లేదు. మా అంతస్తులోనే ఒక తలుపుకి అప్పటికింకా తాళమే ఉంది. మేడం వెనక్కి తిరిగి "ఆంబులెన్స్‌కి చెప్పు" అనడం విన్నాను. మెట్ల దగ్గర హంసాబెన్ జపం పైకే వినిపించింది, బయట బాల్కనీల్లోంచి సొసైటీవాళ్ళ మొక్కులు కూడా. స్వరూప ముందు కూలబడ్డాను.

"ఐస్! మేడం, ఐస్ పట్టుకుంది! చేతులు గడ్డకట్టినయ్, గంతే! ఊపిరి మంచిగనే ఉన్నది!" కంగారులో తెలుగులోనే అరిచాను. తర్వాత హిందీలో అరిచాను.

"అయితే చేతులు వేడి చెయ్యండి. త్వరగా," అంది మేడం.

స్వరూప చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకుని రుద్దాను. నా స్వెటర్ లోపలికి లాక్కుని గుండెకి అదుముకున్నాను. మిట్టు పక్కన కూర్చుని, వేడి టీ చల్లార్చినట్టు ఉఫ్ ఉఫ్ అని ఊదింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చేతుల్ని అంత గట్టిగా, అంతసేపు ఎప్పుడూ పట్టుకోలేదు. దేవుడా, ఈ చేతులుంటే చాలు, కెనడా వద్దు, ఇల్లూ వద్దు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మళ్ళీ క్లిప్పు పెట్టారు. తొంభై ఒకటి. తొంభై అయిదు. తొంభై ఎనిమిది.

నేను బావురుమన్నాను. స్వరూప ఒక చెయ్యి విడిపించుకుని నా మీసంలోంచి థర్మాకోల్ తీస్తూ, "ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అంది.

ఏడుస్తూనే ఉన్నదంతా కక్కేశాను. ఉద్యోగం, కెనడా, రెండిళ్ళు, చలి ప్రాక్టీసు. అన్నాళ్ళు కడుపులో దాచుకున్న రహస్యాన్ని అన్ని అంతస్తులకీ వినపడేలా నేనే ప్రకటించాను. మేడం గదిలోని థర్మాకోల్ మంచునంతా ఒకసారి కలయజూసింది. చివరికి, "ఇంకో రెండు నిమిషాలు ఈ గుమ్మంలో నిలబడొచ్చా? చల్లగా ఉంది" అంది. ఫ్యాన్ కూడా ఆమె వైపు తిప్పాను.

అయినా పద్ధతి పద్ధతే. ముగ్గురి ముక్కుల్లోంచీ శాంపిల్ తీసుకుని, రిపోర్టు వచ్చేదాకా బయటికి రావద్దని, ఎవరూ లోపలికి పోవద్దని తలుపుకి కాగితం అంటించి వెళ్ళారు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. తలుపు మీద టకటక. తీస్తే ఎవరూ ఉండరు, గడియకి సంచీ వేలాడుతుంటుంది. ఒకదాంట్లో హంసాబెన్ ఖిచిడీ, ఒకదాంట్లో ఎవరివో థేప్లాలనే మెంతి రొట్టెలు, ఇంకోదాంట్లో పిల్లకి రంగు పెన్సిళ్ళు. సంచీ పెట్టినవాళ్ళు మెట్ల మలుపులో ఆగి, "తిన్నారా? పాప ఎలా ఉంది?" అని అరిచేవాళ్ళు. కెనడా సంగతి దాచినందుకు హంసాబెన్ అక్కడినుంచే తిట్టి, తిట్టిన ప్రతిసారీ ఇంకేదో వండి పంపింది. స్వరూప తలుపుకి లోపలివైపు పీట వేసుకుని కూర్చుని, మాస్కులోంచి గంటలకొద్దీ కబుర్లు చెప్పింది. ఆమె మొహం పెళ్ళిపందిట్లో ఉన్నట్టు వెలిగిపోతోంది.

ఆదివారం మధ్యాహ్నం నాకు విసుగొచ్చింది. "ఏందిది, జర కన్ను మూద్దామంటే లేదు! పొద్దటి సంది ఒకటే టకటక!"

స్వరూప నా వైపు తిరిగింది. "చలి గురించి నేనెప్పుడు భయపడ్డానండీ? నేనన్నది ఒక్కళ్ళమే అని. రావద్దని కాగితం అంటించినా ఈ తలుపు కొడుతున్నారు. అక్కడ, మీరు డ్యూటీలో ఉండగా నాకేమన్నా అయితే, ఆ ఇంటి తలుపు ఎవరు కొడతారు?"

ఈసారి మొత్తం విన్నాను. నిన్నటి ఎనభై ఆరు ఆ ఊరి చివర ఇంట్లో వచ్చుంటే? నేను ఫ్యాక్టరీలో, మిట్టు ఒక్కతే ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ? లింబాయత్‌లో నా చిన్నతనమంతా చప్పుడే అనుకున్నాను గానీ, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రింబవళ్ళు వంతులేసుకుని కూర్చున్నది ఆ చప్పుడులోని మనుషులే. ఫోన్ తీసి శ్రీనివాస్‌కి చేశాను.

"అపార్ట్‌మెంట్ ఖాయం చెయ్ రా."

"మరి నిశ్శబ్దం కావాలంటివి?"

"చెవులల్ల దూది పెట్టుకుంట."

మర్నాడు రిపోర్టులు వచ్చాయి. ముగ్గురికీ ఏమీ లేదు. నాకు మాత్రం ఏసీ పుణ్యమా అని వారం రోజులు జలుబు.

చలికాలానికి వినిపెగ్ చేరాం. ఇక మీరు నవ్వండి. అక్కడ ఇళ్ళల్లో ఎవరూ వణకరు! బయట ఎంత మంచున్నా లోపల హీటింగు దంచుతూనే ఉంటుంది. నేను బనియన్ మీద, స్వరూప నూలు చీరలో, మిట్టు పలచటి గౌనులో. నా జన్మలో నేను అన్నిటికంటే ఎక్కువ వణికింది సూరత్‌లో, మే నెలలో.

కానీ అసలు పరీక్ష చలి కాదు కదా. రోజులు గడిచాయి. అన్ని కాపురాలున్న ఆ బిల్డింగులో మా తలుపు ఒక్కరూ కొట్టలేదు. ఎదురుపడితే నవ్వుతారు, ఎవరింట్లోకి వాళ్ళు పోతారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి స్వరూప ఆ తలుపు వైపే చూస్తూ కూర్చునేది. మనిషి ఒక్క మాట అనలేదు. అదే నాకు బెంగ పెట్టింది.

ఒక సాయంత్రం టకటక కాదు, ధనాధన్! తీస్తే కింది ఫ్లాటు ముసలావిడ, తెల్ల జుట్టు, ఎర్ర మొహం. మీ పిల్ల గెంతుతోంది, నా నెత్తిన పిడుగులు పడుతున్నాయి, ఇదేం పద్ధతి అని ఇంగ్లీషులో కడిగేస్తోంది. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా స్వరూప నన్ను పక్కకి నెట్టి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, కుర్చీలో కూలేసి, పెసరట్టు పెట్టింది. ఆవిడ రెండో అట్టు తిన్నాక గానీ ఎందుకు వచ్చిందో మళ్ళీ గుర్తు చేసుకోలేదు. ఆ వారంలో ఆవిడ ఇంకో రెండుసార్లు ఫిర్యాదుకి వచ్చింది. రెండుసార్లూ సరిగ్గా టీ వేళకే.

తర్వాతి వారం నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లిప్పుతుంటే వంటింట్లోంచి స్వరూప గొంతు వినిపించింది.

"మిట్టూ, కాస్త గట్టిగా గెంతవే. మామ్మగారు ఇంకా రాలేదు."

ఇందుమూలంగా, సమస్త పాఠకుల ఎదుట, రాజేశం అను నేను ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట మా ఆవిడ నోరు విప్పితే చివరి మాట దాకా వింటాను, వినకముందు పానా ముట్టను, ఏ దేశపు వాతావరణాన్నీ నా బెడ్‌రూమ్‌లోకి రానివ్వను. వినిపెగ్ చలి మీద ఒట్టు. సూరత్ చలి మీద అంతకంటే పెద్ద ఒట్టు.