సుజాత మేడమ్ ఎర్ర సిరా

బెంజ్ సర్కిల్ దగ్గర చెరకు రసం బండిలో అల్లం ముక్క నలిగిన వాసన తగిలితే చాలు, నాకు సుజాత మేడమ్ గుర్తొస్తారు. ఆవిడది ఉయ్యూరు. వాళ్ల నాన్నగారు అక్కడ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెద్ద పని ఏదైనా గట్టెక్కిన రోజు "మా ఊరి చెరకంత తీపి ఉండదు గానీ, తాగండి" అంటూ మా అందరికీ తలో గ్లాసు ఇప్పించేవారు. నేను మొదట ఉద్యోగం చేసిన ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగానికి ఆవిడే పెద్ద.

ఆవిడ బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. జరిగిన ప్రతి తప్పూ అందులో ఎర్ర సిరాతో రాయాలి. చేసినవాళ్ల పేరూ, పట్టుకున్నవాళ్ల పేరూ పక్కపక్కనే. నాకు ఆ పుస్తకమంటే హడల్. చేరి నాలుగు నెలలు కాలేదు, ఇంకా ప్రొబేషనే, అప్పటికే మూడుచోట్ల నా పేరుంది. మూడూ చేసినవాళ్ల వరుసలోనే!

అలాంటి నాకు ఆవిడ పాత డొమైన్ కంట్రోలర్‌ని దింపే పని అప్పగించారు. ఆసుపత్రిలో ఎవరు ఏ కంప్యూటరు ముందు కూర్చుని పాస్‌వర్డు కొట్టినా, వీళ్లు మనవాళ్లేనని ఒప్పుకోవలసింది ఆ సర్వరే. రిటైరయ్యే ఉద్యోగి ఛార్జి అప్పగించినట్టు, అది తన బాధ్యతలన్నీ పక్కనున్న కొత్త సర్వర్‌కి అప్పగించి తప్పుకోవాలి. "ఆ అమ్మాయి వల్ల అవుతుందాండీ?" అని మేనేజరు గారు నా ముందే అడిగారు. అవకపోతే నా ఉద్యోగం సంగతేమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

ఓపీ లేని ఆదివారం పెట్టుకున్నాను. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ చివరిదాకా వచ్చి ఫెయిలైంది. ఏడుపొక్కటే తక్కువ. మధ్యాహ్నం మేడమ్ చర్చి నుంచి తిన్నగా, తెల్లచీరతో, బైబిలు సంచీతోనే వచ్చారు.

"మేడమ్, ఫోర్స్‌గా పీకేద్దామండీ. ఆప్షన్ ఉంది."

"ఉంటే ఉండనీ. ముందు తెర మీద ఏముందో పైకి చదువు."

మిగిలిన సమాచారం అప్పగించడం కుదరలేదని చదివాను.

"ఎవరి పేరు దగ్గర ఆగిందో వెతుకు."

వెతికితే ఒక బాధ్యత నేనెన్నడూ వినని సర్వర్ పేరు మీద ఉంది. "ఈ పేరుతో మన దగ్గర మెషీనే లేదు కదండీ!"

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఉండేదమ్మా. డిస్కు పోయింది. నేనే హడావిడిగా పీకేసి, దాని పేరు తీసెయ్యకుండా వదిలేశాను. నువ్వు ఇప్పుడు చేద్దామన్నావే, అదే పని."

బ్యాకప్ తీసుకుని, ఆ బాధ్యతను కొత్త సర్వర్ పేరుకి మార్చి, ఆ మార్పు రెండు సర్వర్లకూ చేరేదాకా ఆగి నాలుగోసారి నడిపాను. పాతది కిక్కురుమనకుండా తప్పుకుంది. ఒక్క పరుగున ఓపీ కౌంటరుకు వెళ్లి లాగిన్ అయి చూసుకున్నాను. తెరుచుకుంది.

సోమవారం పొద్దున్నే మేనేజరు గారు వచ్చారు. "కొత్తమ్మాయి ఏదో పాడుచేసిందటగా?"

"లేదండీ. నేనెప్పుడో పాడుచేసి పెట్టింది, ఆ అమ్మాయి పట్టుకుంది."

అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆవిడ నోరు మెదపకపోతే అడిగే నాథుడు లేడు. ఆయన ఎదుటే ఎర్ర పెన్ను తీసి, చేసినవాళ్ల వరుసలో తన పేరూ పట్టుకున్నవాళ్ల వరుసలో నా పేరూ రాశారు. అబ్బ, ఎంత గర్వపడ్డానో! నన్ను చూసుకుని కొంత, అలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు అంతకు రెట్టింపు. ఆ సాయంత్రం చెరకు రసం రెండు గ్లాసులు తాగాను.

ఇప్పుడు నేనూ ఒక విభాగానికి పెద్దని. ఎర్ర సిరా పుస్తకం నా బల్ల మీదా ఉంది. మొన్న ఆఫీసులో సగం ప్రింటర్లు పనిచేయలేదు. కిందటేడు ఎవరో మార్చి మరిచిపోయిన సెట్టింగు ఒకటి కారణం. అది పట్టుకున్నది మా గౌతమి. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నసుగుతోంది.

"మేడమ్, మార్చింది... మీరేనండీ."

"మరి రాయవేం?" అని పెన్ను లాక్కుని, చేసినవాళ్ల వరుసలో నా పేరూ, పక్కన తన పేరూ రాశాను. సాయంత్రం అందరినీ బండి దగ్గరికి తీసుకెళ్లాను. గౌతమి గ్లాసు పట్టుకుని ఒకటే నవ్వు. ఆ సోమవారం నేనూ అచ్చం అలాగే నవ్వి ఉంటాను.