సుద్దగీత పడని ట్రాక్టర్

మొన్న చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే ఎదురు గోడకు కుర్రాళ్ళ బైకు పందేల బ్యానర్ కనిపించింది. మా ఆయన పోయాక, తల నెరిశాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. గోడ మీద ఏది రాసి ఉన్నా కూడబలుక్కుని చదవందే కదలను. అందరూ ఒకే రకం టైర్లు వాడాలి, అప్పుడే పోటీ న్యాయంగా ఉంటుందని రాశారు. చదివేలోపు చాయ్ చల్లారిపోయింది. టైర్ల దగ్గర న్యాయం ఎంత చెడ్డదో నాకు తెలిసినట్టు ఆ రాసినవాళ్ళకు తెలియదు.

మా ఆయనకు జహీరాబాద్‌లో హైవే పక్కన టైర్ల పంచర్ దుకాణం ఉండేది. మా అన్నకు ఒక చిన్న ట్రాక్టర్. కిరాయికి దున్నడం, చెరుకు తోలడం, అదే బతుకు. చెరుకు నరకడం అయిపోయాక ఒక చేనుకు నీళ్ళు పెట్టి బురద చేసి, చెరుకు నింపిన ట్రాలీలతో పందేలు పెట్టేవాళ్ళు. చిన్న బండ్లకు వేరు, పెద్ద బండ్లకు వేరు. గెలిస్తే ఇచ్చేది ఒక తువ్వాలే, కానీ ఆ ఏడు దుక్కులకు రైతులు ముందుగా పిలిచేది గెలిచిన బండినే. అన్న ఇల్లు నడిచింది ఆ పిలుపు మీదే.

ఒక ఏడు న్యాల్‌కల్ వైపు పెద్ద రైతొకడు పందెం పొద్దున తన చిన్న బండికి కొత్త టైర్లు తొడిగించి, గెలిచి, సాయంత్రానికి విప్పించుకుపోయాడు. అరిగిన టైర్లవాళ్ళంతా మా దుకాణం ముందు చేరి మొత్తుకున్నారు, అందరికన్నా గట్టిగా మా అన్నే. వాళ్ళ బాధ చూడలేకనే మా ఆయన ఒక పద్ధతి ఆలోచించాడు. సీజనంతా పని చేసి అరిగిన టైరుతోనే పందేనికి రావాలి. సగానికి విరిచిన అగ్గిపుల్లను, బురదలో పట్టు ఇచ్చే టైరు గుబ్బ పక్కన నిలబెట్టి, గుబ్బ దానికన్నా ఎత్తుంటే కొత్త టైరు కింద లెక్క. తక్కువుంటే ఆయనే సుద్దతో గీత గీస్తాడు, గీత లేని బండి బురదలో దిగకూడదు. అందరూ సరే అన్నారు. అన్నయితే సంతోషం పట్టలేక ఆ రోజు మా ఇంట్లోనే తిని పోయాడు.

మరుసటి ఏడు సీజను మధ్యలో అన్న టైర్లు బోడిగా అయిపోయి, ఖాళీ బండి కూడా చేలల్లో జారడం మొదలుపెట్టింది. కొత్తవి కొనే స్తోమత లేక పాత టైర్ల మీదనే కొత్త రబ్బరు ఎక్కించుకున్నాడు. పని ఆగకుండా చేసుకున్నదే తప్ప అందులో పందెం ఊసే లేదు. ఆ పెద్ద రైతేమో కొత్త టైర్లు తొడిగించి, కోతల కాలమంతా ఖాళీ బండిని తారు రోడ్డు మీద తిప్పించి కావలసినంత అరగదీయించాడు. పందెం పొద్దున కొలిస్తే అతని గుబ్బలు పుల్లకు వెంట్రుకవాసి దిగువన ఉన్నాయి, గీత పడింది. అన్న గుబ్బలు పుల్లకు పైకి ఉన్నాయి, గీత పడలేదు.

అన్న ముందు అది వేళాకోళం అనుకున్నాడు. "గీత గియ్యి బావా, ఎండ ఎక్కుతుంది" అని నవ్వాడు. మా ఆయన సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. నేను ఊరుకోలేదు, అందరి ముందే అడిగాను. "గది పందెం కోసం ఎక్కిచ్చిందా ఏందయ్యా? నీకు ఎరుక లేదా?"

"నాకు ఎరుకనే. అగ్గిపుల్లకు ఎరుక లేదు" అన్నాడు.

వెనక నుంచి ఎవడో, "బావమరిది బండొస్తే పుల్ల జర పొడుగైతదేమో చూడున్రి" అన్నాడు. జనం నవ్వారు. ఆ మాట రాకపోతే మా ఆయన మెత్తబడేవాడేమో, నేను చెప్పలేను. అన్న ట్రాలీ విప్పి, ఎవరి వైపూ చూడకుండా బండి తోలుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు దుక్కులకు అన్నను ఎవరూ పిలవలేదు. ఏడు తిరగకముందే ట్రాక్టర్ అమ్మి పరాయి లారీలు నడిపాడు. రాఖీకి మా గడప తొక్కడం మానేస్తే నేనే వాళ్ళ ఊరు వెళ్ళి కట్టి వచ్చేదాన్ని. పిల్లలను అడిగేవాడు, బర్రెను కూడా అడిగేవాడు, మా ఆయన పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. తిరిగి బస్సు దిగేసరికి మా ఆయన దుకాణం వదిలి రోడ్డు మీద నిలబడి ఉండేవాడు. "ఎట్లున్నడు?" అదొక్కటే అడిగి పానా పట్టుకునేవాడు. ఆ పందెం తర్వాత మళ్ళీ ఎవరి టైరుకూ గీత గియ్యలేదు. అన్న దవాఖానలో పోయిన రోజు పాడె వెనకాల అందరికన్నా చివర నడిచాడు.

ఇద్దరిలో ఎవరిదో ఒకరిది తప్పయితే వాళ్ళను తిట్టుకుని నిమ్మళంగా ఉండేదాన్ని.

ఇప్పటి పందేలకు నియమాలు ఎక్కడో కూర్చున్నవాళ్ళు రాస్తారు. వచ్చినవాడి టైరు ఎందుకు అరిగిందో, ఎందుకు అరగలేదో వాళ్ళకు తెలియదు. కాదని వెనక్కి పంపి ఇంటికి పోయి తిని పడుకుంటారు. అదే మేలేమో. మా కాలంలో నియమం పెట్టినవాడూ, ఆ నియమం తగిలినవాడూ ఒకే ఆడదాని చేతి అన్నం తిన్నవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ పక్కపక్కన పీటలు వేసి వడ్డించే పూట నాకు రానేలేదు.