రింగు మీద రెండు గాట్లు

పంటి కింద ఇసుక పడ్డట్టు కర్రుమని ఒక చిన్న చప్పుడు. మొన్న భీమవరంలోని నా కెమెరా రిపేరు కొట్టుకు ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వచ్చాడు. లెన్సు ముందు తిప్పి బిగించే ఫిల్టరు అద్దం ఊడి రావడం లేదంటూ, నా కళ్ళ ముందే దాన్ని మరోసారి తిప్పాడు. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఆగండాగండి, తిప్పకండి!" అని గట్టిగానే అరిచాను. పాపం, బెదిరిపోయాడు. రెండు రోజులపాటు పేరుపాలెం బీచ్‌లో షూటింగు చేశాడట. ఉప్పు గాలికి ఫిల్టరు మరల్లో ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. నేను సొరుగులోంచి తెల్లటి లేసు దారం ఉండ తీస్తే అనుమానంగా చూశాడు. తరవాత అతని చూపు గోడకు మేకు మీద వేలాడుతున్న పాత ఫిల్టరు రింగు మీద పడింది. "అదేంటండి, పాడైపోయినదాన్ని అలా తగిలించారు?" అని అడిగాడు. "చెబుతాను, కాస్త ఆగండి" అన్నాను. నిజానికి ఆ కథ చెప్పాలంటే నాకొక షరతు ఉంది. అది నేను పెట్టుకున్నది కాదు, సత్యవతిగారు పెట్టింది.

సత్యవతిగారిది నరసాపురం. మా వీధికి వెనక వీధిలో ఉండేవారు. అక్కడ చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడా అరుగు మీద కూర్చుని లేసు అల్లేవారు. భర్త గడియారాలు, కెమెరాలు బాగుచేసేవాడు. ఆయనకు చూపు తగ్గాక సన్నపనంతా ఈవిడే చేసేవారు. ఆయన పోయాక లేసు డబ్బా పక్కన పనిముట్ల డబ్బా చేరింది, అంతే తేడా. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళందరూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు, కానీ ఎలా వచ్చేవారనుకున్నారు? సంచిలో లెన్సు దాచుకుని, వెనక సందులోంచి. కస్టమరు అడిగితే మాత్రం "హైదరాబాద్ పంపించామండి, వారం పడుతుంది" అనేవారు. ఆ హైదరాబాద్ సత్యవతిగారి అరుగే. లేసు అల్లుకునే ఆవిడ చేతికి లెన్సు ఇచ్చామంటే పరువు పోతుందట! పని చేయించుకున్నప్పుడు పోని పరువు, పేరు చెబితే పోతుందా?

నేను అప్పట్లో నరసాపురంలోనే ఒక స్టూడియోలో పనిచేసేదాన్ని. ఆల్బమ్‌లు తయారుచేయడం, షూటింగుల్లో లైటు పట్టుకోవడం నా పని. బిగుసుకున్న ఫిల్టరొకటి ఇచ్చి రమ్మని మా ఓనరు పంపితే మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అందరిలాగే నేనూ బొటనవేలూ చూపుడువేలూ పెట్టి బలంగా నొక్కి తిప్పి చూపించాను, ఎంత బిగుసుకుందో చెబుదామని. ఆవిడ నా చేతి మీద ఒక్కటిచ్చారు.

"ఏమ్మాయ్, పీక పిసికినట్టు పిసుకుతావేంటి? రెండు పక్కలా నొక్కితే రింగు కోలగా అయిపోద్ది. ఇంకా బిగుసుకుంటది. నువ్వు బలం పెట్టేకొద్దీ అది రానంటది."

తరవాత ఆవిడ తడి చేసి పిండిన బ్రష్షుతో అంచు చుట్టూ ఉప్పు తీశారు. లేసు దారాన్ని రింగు చుట్టూ పది పదిహేను వరసలు, ఒకదాని పక్కన ఒకటి, బిగువుగా చుట్టారు. దారం మీద అయిదు వేళ్ళూ సమంగా ఆనించి నెమ్మదిగా తిప్పితే, అంతసేపు మొరాయించిన ఫిల్టరు డబ్బా మూతలా వచ్చేసింది. "చుట్టూ ఒకేలా పట్టుకోవాలమ్మా" అన్నారు, అంతే. ఆ రోజునుంచి పని ఉన్నా లేకపోయినా ఆ అరుగు మీదికి పోవడం నాకు అలవాటైంది. నేను "పిన్నిగారూ" అని పిలిచేదాన్ని.

ఇక అసలు సంగతి. ఒక పెద్దింటి పెళ్ళి కోసం మా ఓనరు భీమవరంలో లెన్సులు అద్దెకిచ్చే ఒక పెద్దమనిషి దగ్గర ఖరీదైన లెన్సు తెచ్చాడు. సముద్రపు ఒడ్డున షూటింగు అయ్యాక ఫిల్టరు ఊడలేదు. సత్యవతిగారి దగ్గరికి తీసుకెళ్తానని నేను అంటూనే ఉన్నాను. "దీనికి కూడా ఆవిడెందుకు?" అంటూ ఆయన కటింగ్ ప్లయరు తీసి రింగును పట్టి మెలిపెట్టాడు. టక్ మంది. ఫిల్టరు అద్దం పగిలింది. కంగారులో ఇంకోసారి తిప్పాడు. పగిలిన ముక్క లెన్సు మీద గీసుకుంటూ పోయిన చప్పుడు నేను నా చెవులతో విన్నాను. అప్పుడు ఆయనకు సత్యవతిగారు గుర్తొచ్చారు.

ఆవిడ లెన్సును బోర్లా పట్టుకుని, గాజు పొడి ఒక్క రవ్వ లోపలికి పోకుండా దులిపారు. ప్లయరు నొక్కిన రెండు చోట్లా లోపలినుంచి వెదురు పుల్ల ఆనించి రింగును గుండ్రం చేశారు. దారం చుట్టి తీశారు. తీసిన వెంటనే లెన్సును వెలుతురుకు పెట్టి, "ఇదిగోండి గీత. గాజు ముక్క గీసింది. నా దగ్గరికి రాకముందే పడింది. చూసుకోండి" అని ఓనరుకు చూపించారు. ఆయన చూశాడు. "అవునండి, తెలుసండి. మీరు తియ్యకపోతే ఇది కూడా దక్కేది కాదు" అంటూ దండం కూడా పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను.

మర్నాడు లెన్సు ఇవ్వడానికి ఇద్దరం భీమవరం వెళ్ళాం. ఆ పెద్దమనిషి గీత చూసి ముఖం మాడ్చుకున్నాడు. మా ఓనరు తడుముకోకుండా అన్నాడు. "నాదే బుద్ధి తక్కువండి. ఫిల్టరు బిగుసుకుపోతే మా ఊళ్ళో లేసులల్లుకునే ఆవిడకిచ్చాను. నాశనం చేసింది."

ఎంత సునాయాసంగా అనేశాడో! ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పని పేరు, తప్పు మొయ్యడానికి మాత్రం నోటికి వచ్చేసింది. అక్కడ ఇంకో ముగ్గురు ఫోటోగ్రాఫర్లు టీ తాగుతున్నారు. అందరూ తలలు ఊపారు. నేను బ్యాగు భుజానికి తగిలించుకుని గోడవారగా నిలబడ్డాను, నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆ భయం నిజమైనదే. కానీ నా మీద నాకు అసహ్యం కలగకుండా అది ఆపలేకపోయింది.

కబురు గోదావరి పాయలన్నీ దాటి పాకింది. పది రోజుల్లో సత్యవతిగారి అరుగు ఖాళీ అయింది. వెనక సందులో సంచీలు కనబడలేదు. ఇక ఉండబట్టలేక వెళ్ళి, ఆవిడ ముందు కూర్చుని ఏడ్చాను. "మీ తప్పేం లేదని నాకు తెలుసు పిన్నిగారూ. అంతా నేను చూశాను" అన్నాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ చేతిలో లేసు సూది ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది.

"నాకు చెప్పడానికొచ్చావా? నాకు తెలీదేంటి? తీసింది నేను కదా! నా పేరు పోయింది నీ దగ్గరా? భీమవరంలో నలుగురి ముందు పోయింది. ఇక్కడికొచ్చి ఏడిస్తే నీ బరువు దిగుద్ది. నాదెలా దిగుద్దమ్మా?"

"మీరే వెళ్ళి చెప్పొచ్చు కదండీ" అని గొణిగాను.

"నేను చెప్తే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటది. చూసినదానివి నువ్వు." లేసు డబ్బా అడుగునుంచి ఆ పాత రింగు తీసి నా చేతిలో పెట్టారు. ఓనరు పారేయమంటే ఆవిడ దాచారన్నమాట. ఎదురెదురుగా రెండు చోట్ల ప్లయరు పళ్ళ గాట్లు. "పట్టుకెళ్ళు. ఒక్కడి చెవిలో చెప్పకు. నలుగురూ ఉన్నప్పుడు చెప్పు."

మరుసటి వారం భీమవరం పెద్దమనిషి మా స్టూడియోకే వచ్చాడు. ఓనరు, ఇంకో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. నేను రింగు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. "బ్యాగు మోసేదానివి, నీకేం తెలుసు?" అని ఓనరు లేచాడు. ఆ పెద్దమనిషి రింగును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ గాట్లు ఏమిటో గుర్తుపట్టలేనంత అమాయకుడేం కాదు. దాన్ని బల్ల మీదుగా నా వైపు తోసి, "పోనీలేమ్మా, అయిపోయిందిగా" అన్నాడు.

అయిపోయిందట! ఎవరికి అయిపోయింది? ప్లయరు పట్టినవాడికి అయిపోయింది. గీత పడ్డ లెన్సుకు బదులు మా ఓనరు దగ్గర కొత్తది రాబట్టుకున్నవాడికి అయిపోయింది. అరుగు మీద ఖాళీగా కూర్చున్న మనిషికి ఎలా అవుతుంది? ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఆ సాయంత్రమే నా ఉద్యోగం పోయింది. నేరుగా సత్యవతిగారింటికి వెళ్ళాను. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఎంతమంది ఉన్నారు?"

"ముగ్గురండి, ఓనరుతో కలిపి నలుగురు."

"సరే, కూర్చో" అని దారం ఉండ నా ఒళ్ళో వేశారు. ఈ పని నేను నేర్చుకోవడం ఆ సాయంత్రం మొదలైంది. ఆ నలుగురిలో ఒక్కడే మళ్ళీ ఆవిడ దగ్గరికి వచ్చాడు. అది కూడా వెనక సందులోంచే.

సత్యవతిగారు కిందటేడు పోయారు. చూడడానికి వచ్చినవాళ్ళలో అప్పుడు భీమవరంలో టీ తాగిన ఫోటోగ్రాఫరొకాయన ఉన్నాడు. "మంచి పనితనమండి ఆవిడది. పాపం, ఆ ఒక్క లెన్సు పాడుచేశారు గానీ" అన్నాడు, శవం పక్కన నిలబడి. ఆయన దుర్మార్గుడు కాదు. విన్నదే నమ్మాడు, నమ్మిందే మోస్తున్నాడు. నిజం నేను ఒక గదిలో చెప్పాను. అబద్ధం అప్పటికే అన్ని ఊళ్ళూ తిరిగి వచ్చింది. అక్కడే, అందరి ముందూ, ఆయనకు మొదటినుంచీ చెప్పాను. చావింట్లో గొంతెత్తానని కొందరు మూతి ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి. ఇంటికి వచ్చాక ఆ రింగును కొట్లో, లోపలికి వచ్చినవాళ్ళకు ఎదురుగా కనబడేలా మేకుకు తగిలించాను.

మొన్నటి ఫోటోగ్రాఫరు ఫిల్టరు దారానికి లొంగి, వచ్చేసింది. అతను సంతోషపడి, "ఇప్పుడు చెప్పండి, ఆ రింగు కథేంటి?" అన్నాడు. కొట్లో మేమిద్దరమే ఉన్నాం. "టీ తాగండి, చెబుతాను" అన్నాను. టీ వచ్చింది. కాసేపటికి ట్రైపాడ్ పట్టుకుని ఒకడు, కెమెరా బ్యాటరీ కోసం మరో ఇద్దరు లోపలికి వచ్చారు. అందరి ముఖాలూ లెక్కపెట్టుకున్నాను. మొత్తం నలుగురు. లేచి మేకు మీంచి రింగు తీసి బల్ల మీద పెట్టాను.

"నరసాపురంలో సత్యవతిగారని ఉండేవారండి" అని మొదలుపెట్టాను. "ఈ గాట్లు ఆవిడ పెట్టినవి కావు."