రొయ్యల గుంట గట్టు మీద నేను

మైపాడు దగ్గర మాకు రొయ్యల గుంట ఉంది. ఆడవాళ్లు గట్టు ఎక్కితే రొయ్యలకు జబ్బు వస్తుందని మా మామగారి నమ్మకం. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా ఒక చిన్న కంప్యూటర్ బోర్డు నేనే తయారుచేశాను. కానీ దాన్ని బిగించింది మా ఆయన. నేను గట్టు కింద నిలబడి చెబుతూ ఉన్నాను. కరెంటు పోతే ఆ బోర్డు కూడా ఆగిపోకుండా బ్యాటరీ పెట్టించాను. "బొమ్మకు బ్యాటరీ ఒకటా!" అని మామగారు నవ్వారు.

కిందటి వేసవిలో మగవాళ్లంతా, కాపలా మనిషితో సహా, బంధువుల గృహప్రవేశానికి వెళ్లారు. మబ్బు పట్టిన మధ్యాహ్నం కరెంటు పోయింది. వెంటనే నాకు మెసేజ్ వచ్చింది. ఎవరికి చేసినా ఫోన్ ఎత్తలేదు. పరుగెత్తి వెళ్లేసరికి రొయ్యలు గాలందక పైకి తేలుతున్నాయి. చెప్పులు కిందే వదిలి గట్టు ఎక్కాను. గట్టు మీది షెడ్డులో ఉన్న జనరేటర్ స్టార్ట్ చేశాను. ఏరేటర్లు తిరిగాయి.

అంతలో గృహప్రవేశం నుంచి తిరిగొచ్చిన మామగారు బండి దిగారు. "ఎవురు నిన్ను గట్టెక్కమనింది? దిగు ముందు!" అని నలుగురూ వినేలా అరిచారు.

"దిగమంటే జనరేటర్ ఆపేసి దిగుతా మామా. ఆపేదా?" అన్నాను.

ఆయన గుంట వైపు చూసి, వెనక్కి తిరిగి బండి దగ్గరికి నడిచారు. కరెంటు వచ్చాకే దిగాను.

ఇప్పుడు ఆ బ్యాటరీ చూసుకోవడానికి రోజూ నేనే గట్టు ఎక్కుతున్నాను. మామగారు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. ఆ పంటకు ఏ జబ్బూ రాలేదు. ఈ పంటకూ రాలేదు.