ముందు వరసలో నాంచారయ్య గారు

బందరులో ఒక మహిళా డిగ్రీ కళాశాలకు ఇంగ్లీషు శాఖాధిపతిగా అది నా ఆఖరి విద్యా సంవత్సరం. రిటైరై ఇంకా రెండేళ్ళు కాలేదు. ఆ సెమిస్టరు పాఠం, రాబోయే నియంతృత్వాలను ఊహించిన పాత సైన్స్ ఫిక్షన్ కథలు. వాటిలో ఆడవాళ్ళ మీద పెత్తనం ఎలా సాగుతుందో పిల్లలు ప్రాజెక్టు చేయాలి. మార్కులు మేమే వేస్తాం, ఇంటర్నల్స్ అంటారు. మా ఫైనలియర్ పిల్లలు అలాంటి కథ తామే అల్లి నాటకం వేస్తామన్నారు.

వాళ్ళ ఊహానగరంలో పొద్దుగూకితే సైరన్ మోగుతుంది. బయట కనిపించిన ప్రతి ఆడమనిషినీ ఒక అధికారి ఆపి ప్రశ్నిస్తాడు. మా కాలేజీలో మీసాలు కూడా ఆడపిల్లలకే కనుక ఆ వేషం మంగినపూడి నుంచి వచ్చే భవానికి దక్కింది. ఆమె తండ్రి నాంచారయ్య గారికి చేపల బోటుంది. కాలేజీ గురించి చిన్న మాట వినిపించినా చదువు మాన్పించేస్తానని ఆయన చేర్పించిన రోజే చెప్పారు.

సర్కారు ఉత్తర్వుల భాషలో నేను రాసిచ్చిన డైలాగులు భవాని పక్కన పెట్టేసింది. “ఎక్కడికే? ఎవరితో? నీ మంచికే చెప్తున్నా” అంటూ తువ్వాలు భుజం మార్చుకుంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అలాగే ఉంచమన్నాను. ఎవర్ని చూసి నేర్చుకుందో అడగాలని తోచలేదు.

ప్రదర్శనకు తల్లిదండ్రులను పిలిచాం. ముందు వరసలో నాంచారయ్య గారు తువ్వాలు భుజం మార్చుకుని, లేవబోతున్న భార్యను “ఎక్కడికే? ఎవరితో?” అన్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అధికారి నోరు విప్పగానే తల్లులంతా విరగబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. పరీక్షల ముందు ఆ పిల్ల చదువు చేతులారా ఆపించాననుకున్నాను.

తెర పడ్డాక ఆయన నేరుగా నా దగ్గరికొచ్చారు. “మేడమ్ గారండీ, వాడు మా బావమరిదేనండీ! అచ్చం దించేసింది. ఇంట్లో ఆడాళ్ళని ఊపిరి తీసుకోనివ్వడండీ వాడు.” పక్కన ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను “అవునండీ” అన్నాను. అంతకంటే పొడుగు మాట ఏదీ క్షేమంగా తోచలేదు. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను.

భవాని డిగ్రీ పూర్తి చేసి ఇప్పుడు గుడివాడలో బీఈడీ చదువుతోంది. ఎవరితో వెళ్తున్నావని తండ్రి ఇంకా అడుగుతూనే ఉన్నారట.

ఇలాంటి కథలను ఎక్కడో లేని ఊళ్ళో, రాని కాలంలో ఎందుకు పెడతారని పిల్లలు ఏటా అడిగేవారు. భవిష్యత్తుకు హెచ్చరిక అని నోట్సు చెప్పేదాన్ని. మిగిలిన కొద్ది క్లాసుల్లో ఆ జవాబు మార్చాను. కథలో తన ముఖమే కనబడితే ముందు వరసలో మనిషి లేచి వెళ్ళిపోతాడు, కూతుర్ని కూడా వెంటబెట్టుకుని.